స్పీకర్లు మింగేసిన గ్విరో

మంగళవారం పొద్దున్న నొయేలియా అరేపాలు, మందపాటి మొక్కజొన్న రొట్టెలు, కాల్చి, ఉల్లిపాయా టమాటా వేసి గుడ్ల పొరటు చేసి, కాఫీ దించి, "నాన్నా, చల్లారిపోతోంది" అని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. మూడో పిలుపుకి పక్కింటి చిలక "వస్తున్నా, వస్తున్నా" అంది కానీ, దోన్ దగోబెర్తో మాత్రం పలకలేదు.

వెళ్ళి చూస్తే ఆయన చిన్నగదిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు. డెబ్భై ఆరేళ్ళ మనిషి నడుం వంచి గోడను కొలుస్తున్నాడు. ఆయనకు చెరోపక్కా రెండు నిలువు స్పీకర్లు, మనిషి ఛాతీ ఎత్తున, ఆ గదిలో సగం చోటు తామే తినేసి నిలబడి ఉన్నాయి. వాటిని నడిపించాల్సిన ఆంప్లిఫయర్ మాత్రం చెప్పుల పెట్టెంత ఉంటుంది. ముప్పై వాట్లది, పాతికేళ్ళ నాటిది.

"ఎన్నిసార్లు పిలవాలి నాన్నా?"

"ఒక్కసారి చాలు, నోరు తెరిచి పిలిస్తే. ఈ కాలం పిల్లలు సగం మాట మింగేస్తున్నారు." ఆయన టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. "ఒవిదియో తొమ్మిదింటికి వస్తాడు. నీ బల్ల మీద బట్టలు తీసెయ్యి, దుమ్ము పడుతుంది."

"పద్రీనో ఎందుకు వస్తున్నాడు?"

"గోడ పడగొట్టడానికి."

ఉప్పు అందుకో అన్నంత తేలిగ్గా అన్నాడు. ఆ గోడకు ఇవతల ఆయన పాటల గది, అవతల ఆమె కుట్టుగది. నొయేలియా సల్సా నాట్యం నేర్పే బళ్ళకు చమ్కీల దుస్తులు కుడుతుంది. డిసెంబరులో కాలీ నగరమంతా ఫెరియా తిరునాళ్ళలో ఊగిపోయే వేళకు ఇరవై రెండు జతలు సిద్ధం కావాలి. ఇది అక్టోబరు. ఇంకా పదకొండు జతలకు చేతులే అతకలేదు.

"మరి నేనెక్కడ కూర్చోను?"

"పెరట్లో. పైన రేకు వేయిస్తాను. గాలి బాగా ఆడుతుంది."

"గాలి ఆడితే చమ్కీలు వీధి చివర తేలతాయి నాన్నా. వాన పడితే?"

"వాన పడితే కాస్త లోపలికి జరుగు," అంటూ ఆయన లేచి భోజనాల బల్ల దగ్గరికి వచ్చి అరేపా తుంచుకున్నాడు. "నీ చేతిలో సూది ఉంటే ఎక్కడైనా కుడతావు. మీ అమ్మ బస్సులో కూర్చుని గుండీలు కుట్టేది."

నొయేలియా ఆయన కాఫీ కప్పు అందుకుంది. కోపం రాక కాదు. ఆ గోడ కూలడానికి అసలు కారణం ఎవరో ఆమెకు తెలుసు. ఆ కారణం ఆ పూట ఆయన ముందు కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది.

దోన్ దగోబెర్తో నలభై ఏళ్ళు చెప్పుల కార్ఖానాలో అడుగు తోళ్ళు సుత్తితో సాగగొట్టాడు. పగలంతా ఆ మోత, సాయంత్రం పేటలోని చిన్న వాద్యబృందంలో గ్విరో. గ్విరో అంటే పెద్ద వాయిద్యమేమీ కాదు. ఎండిన సొరబుర్ర మీద అడ్డగీతలు కోసి పుల్లతో గీకడమే. పియానో వాయించేవాడికి పేరు, పాడేవాడికి పూలు, గ్విరో గీకేవాడికి భుజం నొప్పి. ఆ బృందం ఆరేళ్ళు నడిచి, ఒకే ఒక్క రికార్డు వేసి, ఎవరి దారిన వారు పోయారు. యాభై ఏళ్ళు దాటింది. వాళ్ళలో బతికున్నది ఈయనొక్కడే.

ఆ రికార్డు పుణ్యమా అని ఒబ్రెరో పేటలో ఆయనకొక మర్యాద ఉండేది. ఆదివారాలు ముసలివాళ్ళంతా తలా మూడు రికార్డులు చంకన పెట్టుకుని వచ్చి కూర్చుని వినే కూటంలో ముందు కుర్చీ ఆయనది. ఎవరింట్లో కొత్త స్పీకర్లు దిగినా ముందు ఆయనకే కబురు. "గది చిన్నదైతే ఆంప్లిఫయర్ చిన్నదైనా చాలు," అని చెప్పేవాడు. "నిలువు స్పీకర్లు కావాలంటావా, కొంచెం కరెంటుకే గొంతెత్తేవి చూసి తెచ్చుకో. బద్ధకపు స్పీకర్లకు చిన్న ఆంప్లిఫయర్ తగిలిస్తే బక్క ఎద్దుకు చెరకు బండి కట్టినట్టే. మూలల్లో పెట్టకు. గోడకు మూరెడు ఎడం ఉండాలి." ఆయన సరిపెట్టి వెళ్ళాక వేలు పెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

నాలుగేళ్ళ క్రితం ఆయన భార్య మెల్బా పోయింది. నలభై ఏడేళ్ళ కాపురం. భార్య పోయిన నెలకు ఆయన మొదటిసారి పాటల గది తలుపు తీసి, తన రికార్డే పెట్టుకుని కూర్చున్నాడు. నొయేలియా గుమ్మంలో నిలబడి వింది. రెండు పాటలయ్యాక ఆయన తల తిప్పాడు. ముఖం పాలిపోయి ఉంది.

"నా గ్విరో వినపడటం లేదే. నీకు వినపడుతోందా?"

శుభ్రంగా వినపడుతోంది. ట్రంపెట్ల వెనక, గంట పక్కన, వానచినుకులు రేకు మీద పడ్డట్టు సన్నగా, తెంపు లేకుండా. కానీ ఆమె ఆ ముఖం చూసింది. ఒకే నెలలో భార్యనూ తన చేతి వాద్యాన్నీ కూడా పోగొట్టుకున్న ముఖం అది. నోరు దానంతటదే తిరిగింది.

"లేదు నాన్నా. నాకూ వినపడటం లేదు."

"అమ్మయ్య," అన్నాడాయన. గుండెల మీద చెయ్యి వేసుకుని నిజంగానే అన్నాడు. "అయితే స్పీకర్లే మింగేస్తున్నాయి."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆమెది మరీ బాగా అతికింది. కూతురి చెవులను నమ్మి ఆయన స్పీకర్లను తప్పు పట్టడం మొదలుపెట్టాడు. మొదటి జత పోయి రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. సన్నని శబ్దాల గుండీని చివరికంటా తిప్పేవాడు, ధ్వని పెంచేవాడు. ఊపిరందక ఆ చిన్న ఆంప్లిఫయర్ అరిచేది, ఆ అరుపుకి స్పీకరు పైభాగంలో సన్నని శబ్దాలు పలికే బుల్లి కోను మాడిపోయేది. అలా రెండు మాడాయి. ప్రతిసారీ ఆయన అడిగాడు, ప్రతిసారీ ఆమె లేదంది. మొన్న సెప్టెంబరులో ఈ నిలువు స్పీకర్లు దిగాయి. కొంచెం కరెంటుకే పలికేవి, ఆ ఆంప్లిఫయర్‌కు అచ్చంగా తగినవి. అప్పుడూ లేదంది. స్పీకర్లది కాదంటే ఇక మిగిలింది గది. అందుకే ఇవాళ గోడ వంతు.

తొమ్మిది కొట్టకముందే ఒవిదియో వచ్చాడు. పెద్ద సుత్తి, పార, సిమెంటు సంచుల గోతాలు. నొయేలియాకు జ్ఞానస్నానంలో పద్రీనో, అంటే తండ్రి తర్వాత తండ్రి. ఆ వరసన దగోబెర్తోకి కొంపాద్రె, అన్నదమ్ముడితో సమానం.

"ముందు కాఫీ పొయ్యవే తల్లీ," అంటూ బల్ల దగ్గర చతికిలపడ్డాడు. "ఖాళీ కడుపుతో గోడ కొడితే గోడే నన్ను కొడుతుంది."

"తిని పని మొదలెట్టు కొంపాద్రే," అన్నాడు దగోబెర్తో. "మధ్యాహ్నానికి గోడ ఉండకూడదు."

"గోడ మీద కప్పు దూలం ఉందేమో చూశావా?"

"ఏ దూలం?"

"కప్పు! కప్పు దూలం!" అని ఒవిదియో అరిచి, నొయేలియా వంక ఒక్క క్షణం చూసి, చూపు కాఫీలోకి దించుకున్నాడు.

నొయేలియా తండ్రి పక్కన కుర్చీ లాక్కుంది. "నాన్నా, ఒక్క మాట. పెద్ద గదికి పెద్ద ఆంప్లిఫయర్ కావాలని నువ్వే కదా అందరికీ చెప్పేది? గోడ తీసేస్తే ఇది అసలు చాలదు. అప్పుడు దాన్నీ మారుస్తావా?"

"అవసరమైతే మారుస్తాను."

"అప్పుడూ వినపడకపోతే?"

"ఎందుకు వినపడదు? ఈ గదిలో బరువైన కింది స్వరాలు గోడలకు కొట్టుకుని నా గ్విరోని తొక్కేస్తున్నాయి. నీకూ వినపడటం లేదు కదా. లోపం నా ఒక్కడిదైతే నేనే చెప్పేవాణ్ణి, ముసలాణ్ణయ్యాను అని. నీకు ముప్పై తొమ్మిదేళ్ళు. సూది కింద పడితే వినే చెవులు. నీకే వినపడనిది నాకెలా వినపడుతుంది?"

ఆయన లేచి వెళ్ళి, గోడ మీద పెన్సిలుతో గీసిన గుర్తు చూపించాడు. ఒవిదియో సుత్తి భుజానికెత్తాడు. కుట్టుగదిలో బొమ్మకు తొడిగిన ఎర్ర చమ్కీల గౌను మీద పొద్దుటి ఎండ పడుతోంది. నొయేలియా వెళ్ళి గోడకు వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో అమ్మాయ్."

"గ్విరో వినపడుతోంది నాన్నా."

"ఏంటి?"

"వినపడుతోంది అంటున్నాను."

"గట్టిగా చెప్పు."

ఎవరి చెవినా పడకూడదని నాలుగేళ్ళు దాచిన మాటను ఆమె వీధి వీధంతా వినేలా అరవాల్సి వచ్చింది. "నీ గ్విరో నాకు వినపడుతోంది! మొదటి రోజు నుంచీ వినపడుతూనే ఉంది!"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

"మొన్న లేదన్నావు."

"అబద్ధం చెప్పాను."

"అంతకుముందు?"

"అదీ అబద్ధమే."

"ఇప్పుడు గోడ పోతుందనేసరికి వినపడుతోందన్నమాట. గది కావాలంటే కావాలని అడుగు. నా వాద్యాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధాలాడకు."

అక్కడ ఆమె ఓర్పు తెగింది. ప్రేమతో చెప్పాల్సిన మాట కోపంతో వచ్చింది. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ పని. వినలేక స్పీకర్లు ఓడంటావు, గది ఓడంటావు. ఎన్ని గోడలు పడగొడతావు నాన్నా? పాడైంది నీ చెవులు. కార్ఖానాలో ఆ సుత్తులు తినేశాయి. నేను పిలిస్తే చిలకకు వినపడుతుంది, నీకు వినపడదు. నమ్మకపోతే పద్రీనోని అడుగు."

దగోబెర్తో తల తిప్పాడు. ఒవిదియో సుత్తి దించి, దాని పిడి మీద లేని మురికిని బొటనవేలితో గోకుతున్నాడు.

"చెప్పు కొంపాద్రే."

"ఏం చెప్పను..." అంటూ నీళ్ళు నమిలాడు ఒవిదియో. "పోయినేడు మా ఇంట్లో స్పీకర్లు సరిపెట్టావా? నువ్వు వెళ్ళాక మావాడు గుండీలన్నీ వెనక్కి తిప్పేశాడు. చెవుల్లో సూదులు గుచ్చినట్టుందన్నాడు. నువ్వు మళ్ళీ వచ్చే రోజున, నువ్వు పెట్టినట్టే పెట్టి ఉంచాం."

"ఆదివారం కూటంలో?"

ఒవిదియో తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"అందరికీ తెలుసు," అన్నాడు దగోబెర్తో. అడగలేదు, తనకు తానే చెప్పుకున్నాడు. ఒక చెయ్యి స్పీకరు మీద ఆనించి నిలదొక్కుకున్నాడు. "నాలుగేళ్ళు నన్ను కూర్చోబెట్టి, నా ముందు తలలూపి... చెవుడు వచ్చిందంటే ముసలితనం, వస్తుంది. మీరంతా కలిసి నన్ను పిచ్చివాణ్ణి చేశారు కదా." కూతురి వైపు చూశాడు. "మీ అమ్మ ఉండుంటే మొదటి రోజే మొహాన చెప్పేది."

పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఒవిదియో సుత్తి గోతంలో చుట్టుకుని, నొయేలియా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు.

గోడ నిలిచింది. ఇల్లు మాత్రం కూలినట్టే ఉంది. ఆ వారమంతా చిన్నగదిలోంచి పాట రాలేదు. దగోబెర్తో వేళకు వచ్చి తిని, "చాలు" అని లేచిపోయేవాడు. ఏమైనా అడిగితే పెదాల వంక చూసి జవాబు చెప్పేవాడు. ఇన్నాళ్ళూ కూడా అలాగే చూసేవాడని ఆమెకు ఇప్పుడు తోచింది. ఆదివారం మూడు రికార్డులు ఏరుకోలేదు, తెల్ల చొక్కా వేసుకోలేదు. వీధిలో ముసలివాళ్ళు వెళుతూ కిటికీ వైపు చూశారు కానీ ఎవరూ పిలవలేదు. పిలవడానికి వాళ్ళకు మొహం చెల్లలేదు.

నొయేలియా రెండు గౌన్లకు కుడి చెయ్యి ఎడమకు, ఎడమ చెయ్యి కుడికి కుట్టి, విప్పుకుంటూ ఏడ్చింది. నాన్నకు చెవులు పోయినందుకు ఏడ్చింది. అమ్మ లేనందుకు ఏడ్చింది. ఆ రోజు గుమ్మంలో నిలబడి నిజం చెప్పి, ఆయన్ను పట్టుకుని ఇద్దరూ ఒక్కసారి ఏడ్చేసి ఉంటే సరిపోయేది. తను ఆ పని చెయ్యలేదు. జాలిపడి ఆయన్ను ఒంటరిని చేసింది. చెవుడు ఆయనకు చేసిన అన్యాయం కన్నా తన జాలి చేసిందే ఎక్కువని ఆమెకు అర్థమైంది.

బుధవారం సాయంత్రం నాలుగింటికి, కొండల మీంచి గాలి దిగే వేళ, గోడ అవతల ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. ఆ వెంటనే పిలుపు.

"నొయేలియా. ఇలా రా."

వెళ్ళింది. గది మధ్యలో ఆయన కుర్చీ ఉంది, ఖాళీగా. ఆయన ఒక స్పీకరు పక్కన నిలబడి ఉన్నాడు.

"కూర్చో."

"అది నీ కుర్చీ నాన్నా."

"కూర్చో అన్నాను కదా."

కూర్చుంది. ఆంప్లిఫయర్ మీద సన్నని శబ్దాల గుండీ చాలా ఏళ్ళ తర్వాత సరిగ్గా మధ్యలో ఉంది. ధ్వని గుండీ పావు వంతైనా తిరగలేదు.

"ఈ గదికి ఇంతే కావాలి," అన్నాడాయన. "ఇంతకు మించి ఎప్పుడూ అక్కర్లేదు. ఇది నాకు తెలియక కాదు. తెలిసే తిప్పేవాణ్ణి." కాస్త ఆగాడు. "నాకు కాదు, నీ చెవులకు సరిపెడతాను. అడిగిన దానికి ఉన్నది చెప్పు."

"చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం నాన్నా."

"వెళ్దాం. ముందు విను."

ఏదో పాత పాట పెట్టాడు. ఆయన స్పీకర్ల వైపు చూడటం లేదు. ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"కింది స్వరాలు మరీ మోగుతున్నాయా?"

"కొంచెం. కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది."

ఎడమ స్పీకరును గోడ నుంచి జానెడు ముందుకు లాగాడు. "ఇప్పుడు?"

"తగ్గింది."

"పాడేవాడు ఎక్కడున్నాడు?"

"మధ్యలోనే... లేదు, కాస్త కుడికి."

కుడి స్పీకరును రెండు వేళ్ళ మందం వెనక్కి నెట్టాడు, కొద్దిగా లోపలికి తిప్పాడు. ఆమె కనుబొమలు విడిపోవడం చూసి ఆగాడు. చెప్పమని అడగలేదు. అరగంట అలా సాగింది. ముసలాయన చెమటతో తడిసిపోయాడు. చివరికి గొంతు గొంతులా, పియానో పియానోలా ఆ చిన్నగదిలో నిలబడ్డాయి. ఆ చిన్న ఆంప్లిఫయర్‌కు ఆ పెద్ద స్పీకర్లు బరువనిపించలేదు.

అప్పుడు ఆయన తన రికార్డు తీశాడు. తుడిచాడు. నాలుగో పాట మీద ముల్లు దించి, చేతులు కట్టుకుని ఆమె ఎదురుగా నిలబడ్డాడు. నొయేలియా వింది. అయిదు నిమిషాల పాట. చివరికంటా ఆయన ఆమె ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"నా గ్విరో ఉందా?"

"ఉంది నాన్నా."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"మొదటి నుంచి చివరిదాకా?"

ఆమె నోరు తెరిచింది. పాత అలవాటు నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆ ఒక్క మాట అనేస్తే ఆయన మనసు చల్లబడుతుంది, ఇంట్లో మళ్ళీ పాట మొదలవుతుంది. ఆయనకు గ్విరో వినపడదు కనక అబద్ధమని పట్టుకోలేడు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పెనవేసుకుంది.

"లేదు," అంది. ఆయనకు వినపడేలా, పెదాలు కనపడేలా, నెమ్మదిగా. "పియానో ఒక్కటే మోగి ఆగుతుంది చూడు, ఆ తర్వాత నువ్వు మళ్ళీ అందుకుంటావు. అక్కడ ఒక దెబ్బ ఆలస్యంగా పడింది. వెంటనే సర్దుకున్నావు కానీ, తడబడ్డావు నాన్నా."

మళ్ళీ గాయం చేశానేమోనని నొయేలియా భయపడింది. ఆయన మెల్లగా వంగి, స్పీకరు పట్టుకుని, నేల మీద కూర్చున్నాడు.

"చెమటకి పుల్ల జారింది," అన్నాడు. "ఆగస్టు ఎండ. స్టూడియోవాడు టైమైపోయింది పొమ్మన్నాడు, మళ్ళీ వాయించనివ్వలేదు. మావాళ్ళెవరికీ తెలియలేదు. యాభై ఏళ్ళుగా ఎవరికీ తెలియలేదు. మీ అమ్మ ఒక్కతే పట్టింది. అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. రికార్డు బహుమతిగా ఇస్తే విని, 'ఇక్కడ తడబడ్డావేం' అని అడిగింది. ఇలాంటిది ఇంట్లో ఒకతి ఉండాలనుకున్నాను."

ఆయన కూతురి వైపు తలెత్తాడు.

"అయితే నిజంగానే ఉంది. నీకు వినపడుతోంది."

"ఉంది నాన్నా. ప్రతి దెబ్బా ఉంది."

కుర్చీ దిగి ఆమె ఆయన పక్కన నేల మీద కూర్చుంది. ఆయన ఏడుస్తున్నాడు. మెల్బా పోయినప్పుడు ఏడవని మనిషి, అప్పటిదీ ఇప్పటిదీ కలిపి ఏడుస్తున్నాడు. ఆమె కూడా ఏడ్చింది. ఈసారి ఆయనతో పాటు.

కాసేపటికి ఆయన లేచి ముల్లును మళ్ళీ ఆ పాట మొదటికి పెట్టాడు. "వెళ్ళి కుర్చీలో కూర్చో. ఆ చోటు వచ్చినప్పుడు వేలెత్తు."

ఆమె కుర్చీలో కూర్చుంది. పియానో ఒంటరిగా మోగి ఆగింది. నొయేలియా వేలెత్తింది. దోన్ దగోబెర్తో ఆ వేలి వైపు చూసి, అవునన్నట్టు తల ఊపాడు.